బుడగల సీసా: ఊపిరి అందని పసిబిడ్డకు ఏం చేస్తారు?

(తెర మీద: గాజు సీసాలో నీళ్లు, అందులో మునిగిన సన్నని గొట్టం. బుడగల చప్పుడు.)

నవజాత శిశువుల విభాగంలో నర్సుగా నేను రాత్రంతా వినే చప్పుడు ఇదే. ఇది ఆగిందంటే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాను. గొట్టం ఎక్కడో ఊడి ఉంటుంది.

ఉదయగిరి వైపు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు 108లో బిడ్డను తెచ్చుకున్న ఒక అవ్వ ఈ సీసాను చూసి, "ఆక్సిజన్ పెట్టకుండా ఈ నీళ్లెందుకమ్మా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే.

(తెర మీద: తడిసిన పల్చటి ప్లాస్టిక్ కవరు.)

కిరాణా కొట్టు కవరును నీళ్లలో ముంచి తీయండి. రెండు పొరలూ అతుక్కుపోతాయి, ఊదినా ఒక పట్టాన విడవవు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు అలాగే ఉంటాయి. అవి అతుక్కోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం వాళ్లలో ఇంకా చాలినంత తయారై ఉండదు. మూసుకుపోయిన గదికి ఎంత ఆక్సిజన్ పంపినా ఏం లాభం? పైగా అవసరానికి మించిన ఆక్సిజన్ ఆ చిన్ని కళ్లను దెబ్బతీస్తుంది. అందుకే ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు రక్తంలో దాని శాతం 90కీ 95కీ మధ్య ఉండేలా కాపలా కాస్తాం.

ఇలాంటి బిడ్డ మూలుగుతుంది. నొప్పితో అనుకుంటారు. కాదు, లోపలి గాలి అంతా బయటికి పోకుండా గొంతు బిగబడుతోంది. గదులు మూసుకుపోకుండా తనకు చేతనైన వైద్యం తానే చేసుకుంటోంది! ఆ మూలుగు విన్నప్పుడల్లా నా గుండె తరుక్కుపోతుంది.

సీసా ఆ పనిని తన మీద వేసుకుంటుంది. బిడ్డ ముక్కుకు గాలి వెళుతూనే ఉంటుంది. బయటికి వచ్చే గాలి నీళ్లను నెట్టుకుని రావాలి. గొట్టం ఐదు సెంటీమీటర్లు మునిగితే అంత ఒత్తిడి లోపల నిలిచి గదులను తెరిచి ఉంచుతుంది. దీన్నే బబుల్ సీపాప్ అంటారు.

(తెర మీద: పాత నలుపు తెలుపు ఆసుపత్రి దృశ్యం.)

1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో 39 గంటలే బతికాడు. సర్ఫాక్టెంట్ లోపమే కారణమని 1959లోనే మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే పరిశోధకులు తేల్చారు కానీ మందు లేదు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌తో పసిబిడ్డలకు వైద్యం చేసి చూపించారు. ఇప్పుడు సీపాప్ చాలని బిడ్డకు సన్నని గొట్టంతో దాన్ని నేరుగా శ్వాసనాళంలోకి పంపుతాం.

నెలలు నిండిన బిడ్డల సంగతి వేరు. "ఉమ్మనీరు తాగేసింది" అంటారు. ఉమ్మనీరు తాగడం కడుపులో బిడ్డ రోజూ చేసే పనే. అందులో బిడ్డ మలం కలిసి, అది ఊపిరితిత్తుల్లోకి వెళితేనే ప్రమాదం. అప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోవచ్చు. వెంటిలేటర్‌తో పాటు, ఆ నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అవసరం కావచ్చు. అదీ పని చేయకపోతే రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ పట్టించే ఎక్మో ఉంది. మన దేశంలో అది చాలా కొద్ది చోట్లే దొరుకుతుంది.

(తెర మీద: బిడ్డ ఛాతీ, నెమ్మదిగా దగ్గరికి.)

బట్ట తొలగించి చూడండి. డొక్కలు లోపలికి పోతున్నాయా? ముక్కు పుటాలు అదురుతున్నాయా? గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. ఊపిరి 60 దాటినా, నాలుక నీలంగా మారినా, ఇక ఆగవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసపడే బిడ్డకు పాలు, తేనె, చక్కెర నీళ్లు ఏవీ నోట్లో పోయవద్దు. తలకు టోపీ పెట్టి వెచ్చగా ఉంచండి. చల్లబడిన బిడ్డకు ఊపిరి మరింత కష్టమవుతుంది.

ఎనిమిదో నెల నిండకముందే నొప్పులు మొదలైతే, వీలైనంత వరకు కాన్పుకు ముందే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చాలి. తల్లి కడుపు కన్నా మంచి అంబులెన్సు లేదు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధం కావడానికి అప్పుడు తల్లికే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి ఏ రోజు, ఏ గంటకు ఇచ్చారో రాసిన చీటీని తల్లితో పాటు తప్పకుండా పంపండి. బిడ్డ మా చేతికి వచ్చాక మేము ముందుగా అడిగేవాటిలో ఆ చీటీ ఒకటి.