రెండు బాక్సులు, ఒకటే షాఫ్టు: పాత జీపు విప్పిన కథ

బామ్మర్ది: నమస్కారం. ఈ వారం బయటి అతిథి ఎవరూ లేరు, మా బావే. ఎనిమిది నెలలుగా మా అక్కావాళ్ల షెడ్డులో జీపు ఉంటోంది, కారు ఎండలో ఉంటోంది. బావా, ముందు ఆ బండేమిటో చెప్పు.

బావ: మహీంద్రా సీజే-3బీ రా. 1968 మోడల్, పెట్రోల్. కొన్నాళ్లు పాడేరు వైపు షేరు జీపుగా తిరిగింది. ఎంతమందిని మోసిందో దాని ఛాసిస్‌కే తెలియాలి.

బామ్మర్ది: బానెట్ మరీ ఎత్తుగా ఉంటుంది, అదేనా?

బావ: అదే. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన మోడల్. హరికేన్ అనే కొత్త ఇంజన్ పెట్టారు, అది పాతదానికంటే ఎత్తు. అందుకని బానెట్ లేపారు. అందం సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మన దగ్గర మహీంద్రావాళ్లు 1947లో 75 జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలుపెట్టారు, తర్వాత లైసెన్సు మీద ఇక్కడే తయారుచేశారు. చరిత్ర చాలు, నట్టు దగ్గరికి వస్తా.

బామ్మర్ది: నట్టా?

బావ: కథంతా ఆ నట్టుదే. నేను కొన్నప్పుడు ఒకటే కంప్లైంటు. రెండో గేర్‌లో దిగుడు దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గేరు బయటికి తన్నేసేది. ఘాట్‌లో అలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకో. పాత ఓనరు లివర్‌కి మోకాలు ఆనించి నడిపేవాడట. నేను ఓ షాపులో ఇచ్చాను. గేర్‌బాక్స్ దింపి, రెండో గేరు, గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశారు. బిల్లు చూసి మీ అక్క వారం రోజులు మాట్లాడలేదు.

బామ్మర్ది: మాకు ఫోన్ చేసి మాత్రం మాట్లాడిందిలే.

బావ: తెలుసు. బండి ఇంటికొచ్చిన మూడో రోజు, రెండో గేరు మళ్లీ తన్నేసింది.

బామ్మర్ది: కొత్త గేరు వేశాక కూడానా?

బావ: కొత్త గేరు వేశాకే. అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గేర్‌బాక్స్ ముట్టుకోలేదు. బండి కిందికి దూరి ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే శక్తిని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే డబ్బా, దాని వెనక ఉన్న చిన్న మూత విప్పాడు. లోపలికి వేలు పెట్టి, "బాబూ, ఇటు రా" అన్నాడు. పిన్ను దూర్చడానికి గాళ్లున్న కేసిల్ నట్టు చేత్తో తిరుగుతోంది! అది వదులవకుండా పట్టే స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట కట్టుడు తీగ ముక్క.

బామ్మర్ది: ఆగు. గేరు తన్నేది గేర్‌బాక్స్‌లో, నట్టు ఉన్నది ట్రాన్స్‌ఫర్ కేస్‌లో. దానికీ దీనికీ ఏమిటి?

బావ: అక్కడే నేనూ పప్పులో కాలేశాను. ఇందులో గేర్‌బాక్స్ టీ-90. మూడు గేర్లు, మొదటిదానికి సింక్రో లేదు. దాని వెనకే ట్రాన్స్‌ఫర్ కేస్, డానా 18. బయటినుంచి చూస్తే రెండు డబ్బాలు. కానీ టీ-90 మెయిన్ షాఫ్టు గేర్‌బాక్స్ దాటి ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలికి వెళ్తుంది. దాని కొసన ఒక గేరు, ఆ గేరుని పట్టి ఉంచే నట్టు. ఆ నట్టు వదులైతే షాఫ్టు మొత్తం ముందుకీ వెనక్కీ ఆడుతుంది. షాఫ్టు ఆడితే దాని మీదున్న రెండో గేరు పూర్తిగా పట్టదు. దిగుడులో కాలు తీస్తే ఇంజనే బండిని వెనక్కి పడుతుంది కదా, ఆ ఇంజన్ బ్రేకింగ్ పడగానే జారిపోతుంది. గేర్‌బాక్స్ విడదీయాలంటే ఆ నట్టు విప్పాలి, బిగించేటప్పుడు కొత్త పిన్ను వెయ్యాలి. వెయ్యలేదు.

బామ్మర్ది: అంటే ఆ గేరుకి పెట్టిన డబ్బులు...

బావ: మీ అక్క వింటోంది, వదిలేయ్.

బామ్మర్ది: సరే. నట్టు బిగించి వదిలేయకుండా మొత్తం ఎందుకు విప్పావు మరి?

బావ: మేస్త్రి విప్పించాడు. మూత తీసినప్పుడు కారిన ఆయిల్లో ఇత్తడి పొడి మెరుస్తోంది. పైగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆయిల్ సగమే ఉంది, గేర్‌బాక్స్‌లో ప్లగ్గు తియ్యగానే పొర్లింది. మధ్యలో బేరింగు దగ్గర నుంచి ఆయిల్ ఒకదాన్లోంచి ఒకదాన్లోకి పోతుంది, ఈ జంటకి పుట్టుకతో వచ్చిన జబ్బు అది. అందుకే లెవెల్ చూసేటప్పుడు రెండూ కలిపి చూడాలి. ఆయిల్ కూడా ఏదిపడితే అది పోయకూడదు. జీఎల్-5 రకం గేర్ ఆయిల్లో ఎక్కువ ఒత్తిడికోసం కలిపే గంధకం మందులు ఇత్తడి సింక్రోలని తినేస్తాయి. జీఎల్-4, 90 గ్రేడు పోస్తే సరి.

బామ్మర్ది: విప్పడంలో ఎక్కడ చెమట పట్టింది?

బావ: విప్పడంలో కాదు, బిగించడంలో. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో మధ్య గేరు ఉంటుంది, ఇంటర్మీడియట్ గేరు. అది అగ్గిపుల్లల్లాంటి సూది రోలర్ల మీద తిరుగుతుంది. రెండు పక్కలా పలచటి థ్రస్ట్ వాషర్లు. వీటన్నిటినీ వరసలో పెట్టి, కేసు లోపలికి దించి, బయటినుంచి షాఫ్టు దూర్చాలి. మొదటిరోజు గ్రీజు రాసి రోలర్లు అంటించి దించాను. షాఫ్టు దూరుతుండగా లోపల టిక్ మని చప్పుడు. ఒక రోలరు పడింది. మళ్లీ తీశాను. మళ్లీ టిక్. నాలుగోసారి నేను కేసుని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

బామ్మర్ది: ఫోటో పంపావు, ఉంది నా దగ్గర.

బావ: డిలీట్ చెయ్. మేస్త్రి చూసి నవ్వి పక్కనున్న లేత్ షాపుకి పంపాడు. ఓ డమ్మీ షాఫ్టు తిప్పించుకురమ్మన్నాడు. సరిగ్గా గేరూ రెండు వాషర్లూ కలిపినంత పొడవు, అసలు షాఫ్టుకంటే వెంట్రుకవాసి సన్నం. దాని చుట్టూ రోలర్లు పేర్చి గేరులో దూర్చి, మొత్తం పొట్లంలా కేసులోకి దించేస్తాం. అసలు షాఫ్టుని ఇటునుంచి నెడుతూ ఉంటే డమ్మీ అటునుంచి బయటికొస్తుంది. రోలర్లకి ఎప్పుడూ లోపల ఏదో ఒక షాఫ్టు ఆసరా ఉంటుంది. రెండు నిమిషాల్లో అయిపోయింది. నా నాలుగు సాయంత్రాలు!

బామ్మర్ది: ఇలాంటి బండి వింటున్నవాళ్లలో ఎవరికైనా ఉంటే ఆ డమ్మీ అప్పిస్తావా?

బావ: ముందు షాఫ్టు కొలిచి అడగమను. ఈ కేస్‌లో ఇంటర్మీడియట్ షాఫ్టు లావు కాలాన్ని బట్టి మారింది. జీపు అంటే జీపే కదా అని కొన్నావా, అయిపోయావు. లావు కొలిచే వర్నియర్ లేకుండా విడిభాగాల షాపు మెట్లెక్కకూడదు.

బామ్మర్ది: షిమ్ముల గోల కూడా చెప్తానన్నావు.

బావ: వెనక అవుట్‌పుట్ షాఫ్టుకి రెండు టేపర్ బేరింగులు. వెనక క్యాప్ కింద షిమ్ములు, అంటే పలచటి రేకు ముక్కలు, పెట్టి షాఫ్టు ఆట సరిచెయ్యాలి. మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఆట ఉండాలి. డయల్ గేజ్ పెట్టి షాఫ్టుని ముందుకీ వెనక్కీ లాగి చూడాలి. బిగుతైతే బేరింగు కాలుతుంది, వదులైతే సీలు కారుతుంది. ఈ జీపులో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ఆ అవుట్‌పుట్ మీదే ఉంటుంది. సీలు కారితే ఆయిల్ నేరుగా డ్రమ్ములోకే. పాత ఓనరు హ్యాండ్‌బ్రేక్ పట్టదని టైరు కింద రాయి పెట్టేవాడు. ఆ రాయి బండితోపాటు నాకే ఇచ్చాడు.

బామ్మర్ది: సరే, యాక్సిల్ లోపల చక్రాల్ని తిప్పే పళ్ల చక్రాల జంట, క్రౌన్ పినియన్ దగ్గరికి రా. అక్కడేదో పెద్ద షాకు తగిలిందన్నావు.

బావ: షాకే. ఫోర్‌వీల్ వేసి తారు రోడ్డు మీద కాస్త నడిపితే బండి బిగదీసుకుపోయేది, లివర్ వెనక్కి వచ్చేది కాదు. తారు మీద ఫోర్‌వీల్ వేస్తే కొంత బిగుతు మామూలే, ముందు వెనక చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు కదా. కానీ ఇది మట్టిలో కూడా. మేస్త్రి సుద్దముక్క ఇచ్చాడు. ఒక చక్రం జాకీ మీద లేపు, రెండోది నేల మీదే ఉండనివ్వు, లేపిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పు, యాక్సిల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు అన్నాడు.

బామ్మర్ది: రెండు చుట్లు ఎందుకు?

బావ: ఒక చక్రం ఆగి ఉంటే రెండోది రెట్టింపు తిరుగుతుంది. అందుకని రెండు చుట్లకి వచ్చిన లెక్కే అసలు రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ముందు యాక్సిల్‌కి ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైన తిరిగింది. అది 5.38, ఈ మోడల్‌కి ఉండాల్సిందే. క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. వెనకది ఐదు చుట్లు కూడా పూర్తి కాలేదు.

బామ్మర్ది: అంటే...

బావ: 4.88. విప్పి పళ్లు లెక్కపెట్టాం, 39కి 8. ఎవరో ఎప్పుడో వెనక క్రౌన్ పినియన్ పోతే దొరికింది వేసేశారు. టూవీల్‌లో తేడా తెలియదు. ఫోర్‌వీల్ వేసినప్పుడు మాత్రం ముందు చక్రాలు ఒక లెక్క, వెనక చక్రాలు ఒక లెక్క. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులన్నమాట. ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీదే పడింది. ఇత్తడి పొడిలో దాని వాటా ఎంతో.

బామ్మర్ది: సరైన సెట్టు దొరికిందా?

బావ: మూడు నెలలు పట్టింది. క్రౌన్, పినియన్ జంటగానే తీసుకోవాలి, ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా కలపకూడదు. పినియన్ బేరింగు కప్పులు రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాను, కుంచించుకుంటే హౌసింగ్‌లోకి సులువుగా దిగుతాయని. పొద్దున్నే మీ అక్క ఐస్ ట్రే కోసం తెరిచింది.

బామ్మర్ది: ఆ ఫోన్ కూడా మాకొచ్చింది.

బావ: తర్వాత పళ్లకి బ్లూ అనే నీలిరంగు పూత రాసి తిప్పి, అచ్చు ఎక్కడ పడుతోందో చూసి షిమ్ములు మార్చాం. పంటి మధ్యలో పడేదాకా ఆరుసార్లు తీసి పెట్టాం.

బామ్మర్ది: ఇంత కష్టపడే బదులు కొత్త ఇంజనూ కొత్త గేర్‌బాక్సూ వేసేయొచ్చుగా? చాలామంది అదే చేస్తున్నారు.

బావ: చెయ్యొచ్చు, హాయిగా నడుస్తుంది కూడా. కానీ 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ సిరీస్ నంబరు తీసుకోవాలంటే అది అసలు రూపంలో ఉండాలి. నాకా నంబరు కావాలి. ఇంకోటి, ఆ మూడు గేర్ల మోత నాకిష్టం.

బామ్మర్ది: ఇప్పుడెలా ఉంది?

బావ: రెండో గేరు నిలబడుతోంది. రాయి తీసేశాను. షెడ్డులో కింద అట్టముక్క పరిచాను. మొన్న మూడు చుక్కలున్నాయి, నిన్న రెండు.

బామ్మర్ది: ఏ బాక్సువి?

బావ: అదే తెలియట్లేదు. ఆదివారం ఖాళీగా ఉంటే రా. మారుబట్టలూ టవలూ తెచ్చుకో, మీ అక్క టవల్ ఇవ్వదు.