సముద్రం పెట్టిన టైంటేబుల్

శ్రోతలకు నమస్కారం. సెలవులకు సముద్రం పక్కనున్న చిన్న ఊరికి వెళ్ళేవాళ్ళు కూడా చూడాల్సినవాటి లిస్టు ఒకటి వెంట తీసుకెళ్తారు. నిజానికి అలాంటి ఊళ్ళో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. నన్నడిగితే అక్కడికి వెళ్ళాల్సింది అందుకే. ఏ వేళకి ఏం చెయ్యాలో సముద్రానికి వదిలెయ్యండి.

చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు నీరు ముందుకొచ్చే పోటు, రెండుసార్లు నీరు వెనక్కి తీసే పాటు వస్తాయి. ఇవాళ పొద్దున 6 గంటలకు పోటు వస్తే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అది చంద్రుడి లెక్క, మన గడియారంతో దానికి పనిలేదు. నడకకు పాటు వేళ బాగుంటుంది. నీరు తీసిన చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కాలు కూరుకుపోదు. గవ్వలు, పీతల బొరియలు, రాళ్ళ సందున నిలిచిన నీళ్ళలో చిట్టి చేపలు. ఇక పిల్లల్ని గదికి తీసుకురావడం మీ తరం కాదు! పున్నమి, అమావాస్య రోజుల్లో నీరు మరీ వెనక్కి పోతుంది, పోటులో అంతకంత ముందుకొస్తుంది. చెప్పులు కాస్త పైన విడవండి.

పగలు నీటికన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల ముందు చల్లబడి గాలి ఎదురు తిరుగుతుంది. తెరచాప పడవల రోజుల్లో జాలర్లు నేలగాలితో తెల్లవారకముందే వేటకెళ్ళి, సముద్రపు గాలితో ఇల్లు చేరేవారు. మీరు ఆ గాలికి మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే చాలు, నీడలో మాత్రమే సుమా. గాలి చల్లగా ఉంటే ఒళ్ళు కమిలేది తెలియదు.

స్నానం దగ్గర మాత్రం జాగ్రత్త. రెండువైపులా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగాలనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీరు లోపలికి పరుగెత్తే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకండి, గజ ఈతగాళ్ళు కూడా అలసిపోతారు. తీరం వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. అసలు దిగే ముందే, వలలు బాగుచేసుకుంటున్న జాలర్ల దగ్గరికెళ్ళి ఎక్కడ దిగొచ్చో అడగండి. రేపటి పోటు ఎన్నింటికో కూడా వాళ్ళే చెబుతారు, ఫోన్ తియ్యక్కర్లేదు.