ఏడాదికి 52 పుస్తకాలా? ముందు పేజీల లెక్క చూద్దాం

తమ్ముడు: అందరికీ నమస్తే. జనవరి మొదటి వారం కదా, మా ఇన్‌బాక్స్ నిండా ఒకటే ప్రశ్న. ఈ ఏడు ఎన్ని పుస్తకాలు టార్గెట్ పెట్టుకోవాలి అని. ఒకావిడ అప్పుడే 52 అని పెట్టేసుకున్నారట, వారానికొకటి. అవుతుందా అని అడుగుతున్నారు. ఏమంటావక్కా?

అక్క: అవుతుందో లేదో నాకెలా తెలుస్తుందిరా? లెక్క మాత్రం వేసి చెప్పగలను. నవల సుమారు 250 పేజీలు అనుకో. 52 నవలలంటే 13,000 పేజీలు. రోజుకి దగ్గర దగ్గర 36. పేజీకి రెండు నిమిషాలు వేసుకున్నా గంటా పావు. అది కూడా పెళ్ళిళ్ళు, జ్వరాలు, పిల్లల పరీక్షలు అన్నీ ఉండగా, ఒక్కరోజు నాగా లేకుండా.

తమ్ముడు: సంక్రాంతి మూడు రోజులు పోయాయంటే వంద పేజీల బాకీ.

అక్క: మరి! ఆ గంటా పావు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆవిడకి తెలిస్తే 52 నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మనవాళ్ళు ముందు అంకె అనేసుకుని, తర్వాత టైమ్ కోసం వెతుక్కుంటారు. ఒక వారం ఏ టార్గెట్టూ లేకుండా మామూలుగా చదవమను. ఎన్ని పేజీలయ్యాయో రాసుకుని, 52తో హెచ్చవేసుకోమను. రోజుకి అరగంట దొరికేవాళ్ళకి 15 పేజీలు. ఏడాదికి ఐదున్నర వేల పేజీలు, అంటే 22 పుస్తకాలు.

తమ్ముడు: 22 అని పోస్ట్ పెడితే లైకులు రావు కదా.

అక్క: లైకులే కావాలంటే చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు చదువుకోమను. రోజుకి నాలుగైపోతాయి.

[నవ్వులు]

తమ్ముడు: ఆ పోస్టుల సరదా ఎక్కువగా గుడ్‌రీడ్స్ వల్ల వచ్చిందే, చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే యాప్ అది. 2011 నుంచి అందులో రీడింగ్ ఛాలెంజ్ ఉంది. జనవరిలో ఒక అంకె కొడతాం. అది ఆ అంకెని ఏడాది పొడవునా సమానంగా పంచేసుకుని, ఏ మార్చిలోనో "మీరు రెండు పుస్తకాలు వెనకబడ్డారు" అంటుంది.

అక్క: నాకు ఒళ్ళు మండేది అక్కడే. దానికి పుస్తకం లావుతో పనిలేదు. 'వేయిపడగలు' తీసుకో, వెయ్యి పేజీల దరిదాపు. రోజుకి 15 చొప్పున రెండు నెలలు దాటుతుంది. ఆ రెండు నెలలూ యాప్ దృష్టిలో నువ్వు బద్ధకిష్టివి. చివరికి పూర్తిచేస్తే పడేది ఒక్క అంకె. 'మహాప్రస్థానం' ఒక సాయంత్రంలో చదివేస్తావు, దానికీ ఒకటే అంకె. అసలు 'మహాప్రస్థానం' ఒక్క సాయంత్రంలో అయిపోయింది అనేవాణ్ణి నేను నమ్మను, అది వేరే సంగతి.

తమ్ముడు: డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో చూశాను. పుస్తకం తీసి ముందు చివరి పేజీ నంబర్ చూస్తున్నారు. టార్గెట్‌కి ఇంకా మూడు తక్కువైనవాళ్ళన్నమాట!

అక్క: పేజీలు లెక్కపెట్టుకుంటే ఆ తిప్పలుండవు. లావు పుస్తకం మొదలుపెట్టినందుకు శిక్ష ఉండదు.

తమ్ముడు: స్టోరీగ్రాఫ్ అని అలాంటిదే ఇంకో యాప్, అందులో ఆ సౌకర్యం ఉంది. పేజీల టార్గెట్ పెట్టుకోవచ్చు, ఆడియోకైతే గంటల టార్గెట్. గుడ్‌రీడ్స్ నుంచి పాత లిస్టంతా తెచ్చుకోవచ్చు కూడా. తెలుగు పుస్తకాలతోనే ఎక్కడైనా చిక్కు. పాతవాటికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబర్, ఉండదు, స్కాన్ చేయడానికి బార్‌కోడ్ ఉండదు. పేరు కొట్టి వెతికితే ఒకే పుస్తకం ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో వస్తుంది. లేదా అసలు రాదు. మనమే వివరాలు నింపి చేర్చుకోవాలి.

అక్క: అంత ఓపిక లేక, యాప్‌లో దొరికే ఇంగ్లీషు పుస్తకం వైపే మొగ్గేవాళ్ళు నాకు తెలుసు. చదివింది నమోదు కాకపోతే చదవనట్టే ఫీలవుతారు. అదేం ఖర్మరా!

తమ్ముడు: నేను అందుకే గూగుల్ షీట్‌కి మారాను. పేరు, రచయిత, పేజీలు, భాష, ఎక్కడ దొరికింది. ఆ "భాష" అన్న కాలమ్ మాత్రం అందరూ పెట్టుకోండి. మూడు నెలలకోసారి ఫిల్టర్ కొట్టి చూస్తే మనమేంటో మనకి తెలుస్తుంది. నువ్వింకా నోట్‌బుక్కేనా?

అక్క: నోట్‌బుక్కే. తేదీ, పేరు, ఎవరిచ్చారు, ఒక్క వాక్యం. వదిలేసినవీ రాస్తాను, ఎందుకు వదిలేశానో కూడా. నాన్సీ పెర్ల్ అని అమెరికాలో ఒక లైబ్రేరియన్, ఆవిడ చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. 50 పేజీలు చదివి చూడు, పట్టకపోతే వదిలేయ్. నీకు 50 ఏళ్ళు దాటాయా, వందలోంచి నీ వయసు తీసేయ్. మిగిలినన్ని పేజీలు చదివితే చాలు.

తమ్ముడు: అంటే నీకు 46 పేజీలు!

అక్క: వయసు బయటపెట్టేశావు, సంతోషం.

తమ్ముడు: కథల సంగతేంటి? సంపుటి మొత్తం చదివితేనే ఒకటా?

అక్క: కథల దగ్గర ఈ అంకెలు బొత్తిగా పనికిరావు. 'అమరావతి కథలు' వంద. ఆంధ్రజ్యోతి వీక్లీలో వారం వారం వచ్చినవి. వారానికొకటి చొప్పున మనం చదివినా దాదాపు రెండేళ్ళు. ఏ ఏడాది లెక్కలో వేస్తావు? ఒక్క వారంలో వందా లాగించేశామంటే పదో కథకే అన్నీ ఒకలా అనిపిస్తాయి, తప్పు కథలది కాదు. కథలకి నేను పెట్టుకున్నది వేరు. వారానికొక కథ, ఇదివరకు చదవని రచయితది. కథా రచయిత కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది కదా, వాళ్ళ వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో వచ్చిన కథలు స్కాన్ చేసి ఉంచారు. డబ్బు ఖర్చు లేదు. వీటికి ఏ యాప్‌లోనూ అంకె పడదు, పడక్కర్లేదు కూడా.

తమ్ముడు: సరే, ఎప్పుడూ గొడవపడే ప్రశ్న. ఆడియోబుక్ చదివినట్టా, కాదా? నేను మెట్రోలో వినేది నా షీట్‌లో వేస్తున్నాను.

అక్క: హరికథ విన్నవాడు భాగవతం చదివానంటాడా?

తమ్ముడు: చదవకపోయినా భాగవతం వచ్చు కదా వాడికి! నేను వేస్తాను.

అక్క: వేసుకో. వేరే కాలమ్‌లో వేసుకో.

తమ్ముడు: వినేవాళ్ళు ఎటువైపో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. అన్నట్టు అక్కా, ఈ ఆదివారం విజయవాడ బుక్ ఫెస్టివల్‌కి నేనూ వస్తున్నా.

అక్క: రా. కొన్నవాటికి మాత్రం నీ షీట్‌లో కాలమ్ పెట్టకు, మీ ఆవిడ చూస్తుంది.