ఫేక్ న్యూస్ మోడల్‌ని "ఎందుకు?" అని అడుగుదాం: లైమ్‌తో హ్యాండ్స్ ఆన్

హాయ్ అండీ, ఫేక్ న్యూస్ పట్టే మోడల్ ఎందుకలా జవాబిస్తోందో లైమ్ అనే టూల్‌తో చూద్దాం, డైరెక్ట్‌గా నోట్‌బుక్‌లోకి, అంటే పైథాన్ కోడ్ రాసి రన్ చేసే పేజీలోకి వెళ్ళిపోదాం. కెనడాలో విక్టోరియా యూనివర్సిటీ వాళ్ళ ఐసాట్ డేటాసెట్ తీసుకున్నా, ఫేక్ వార్తలు 23,481, నిజం వార్తలు 21,417, రెండు సీఎస్‌వీ ఫైళ్ళు, కలిపేశా, షఫుల్ చేశా. సబ్జెక్ట్ కాలమ్ తీసేయండి, అది ఉంటే జవాబు ముందే తెలిసిపోతుంది. పదాలను నంబర్లుగా మార్చే టీఎఫ్-ఐడీఎఫ్, ఆ నంబర్లు చూసి ఫేకా నిజమా చెప్పే లాజిస్టిక్ రిగ్రెషన్, రెండూ పైప్‌లైన్‌లో వరుసగా పెట్టి ఫిట్ కొట్టేశా, అంటే ట్రెయిన్ చేశా, షిఫ్ట్ ఎంటర్, అంతే.

స్కోర్ చూడండి, 98 శాతం దాటింది. ఇక్కడ ఆగండి. నేను మొదటిసారి ఆగలేదు, ఈ నంబర్ చూసి మోడల్ అబద్ధాన్ని పట్టేస్తోందనే నమ్మా, చాలా రోజులు నమ్మా. అందుకే ఇప్పుడు లైమ్ పిలుస్తున్నా. అది ఏం చేస్తుందంటే ఒక వార్త తీసుకుని అందులో పదాలు అక్కడోటి ఇక్కడోటి తీసేస్తూ, డిఫాల్ట్‌గా 5,000 రకాలు చేసి, ప్రతిదానికీ మోడల్ ఏమంటుందో అడిగి, ఏ పదం పోతే జవాబు కదిలిందో చూపిస్తుంది. క్లాస్ పేర్ల వరుస మాత్రం జాగ్రత్త, ముందు ఫేక్, తర్వాత ట్రూ, తారుమారైతే రంగులన్నీ తారుమారే.

రన్. ఇదిగో, ఈ పొడుగు బార్ చూడండి... రాయిటర్స్! నిజం వార్తలన్నీ రాయిటర్స్ వార్తా సంస్థ నుంచే తెచ్చారు కదా, దాదాపు ప్రతిదానికీ మొదట్లో ఊరి పేరు, బ్రాకెట్‌లో రాయిటర్స్ అని ఉంటుంది, మోడల్ నేర్చుకున్నది ఆ ముద్ర. నమ్మకం లేకపోతే ఒక ఫేక్ వార్త మొదట్లో ఆ పదం అతికించి చూడండి, ప్రాబబిలిటీ ఎటు జరిగిందో స్క్రీన్ మీదే ఉంది. సరే, అది తీసేశా, మళ్ళీ ట్రెయిన్, మళ్ళీ లైమ్. ఈసారి ఫేక్ వైపు "ఫీచర్డ్ ఇమేజ్" వచ్చింది, అది ఫోటో క్రెడిట్ అండీ, అబద్ధం కాదు. అదీ తీయండి, మళ్ళీ చూడండి, ఓపిక పట్టాలి.

ఇది ఒక్క వార్తలో పదాల సంగతి. వార్త ఎలా వ్యాపించిందో తెలియాలంటే ఎవరు ఎవరికి పంపారో ఆ డేటా కావాలి, దానికి నేను షాప్ (SHAP, లైమ్‌లాగే కారణాలు చూపించే ఇంకో టూల్) వాడతా, టేబుల్ డేటాకి అదే హాయి. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఎంఐటీ వాళ్ళ ట్విట్టర్ స్టడీ చూడండి, అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువ, బాట్‌లు (ఆటోమేటిక్ ఖాతాలు) తీసేసి చూసినా అంతే, పంపేది మనుషులే, కొత్తగా అనిపించడమే పెద్ద కారణం కావచ్చన్నారు. అందుకే ఎప్పుడు పోస్ట్ అయింది, ఎన్ని చేతులు మారింది, ఇవి కూడా మోడల్‌కి ఇచ్చే ఫీచర్లుగా పెట్టండి.

ఆఁ, తెలుగు వాట్సాప్ ఫార్వర్డ్‌ల మీద చేసేవాళ్ళు ఇది తప్పకుండా వినండి. పైథాన్ రెజెక్స్‌లో, అంటే టెక్స్ట్‌ని ముక్కలు చేసే ప్యాటర్న్‌లో, గుణింతాల గుర్తులు, పొల్లు గుర్తు అక్షరాలుగా లెక్కలోకి రావు, డిఫాల్ట్ సెట్టింగ్‌లో "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది, "పుకారు" అయితే మొత్తానికే మాయం! వెక్టరైజర్‌లో (అదే, టీఎఫ్-ఐడీఎఫ్) టోకెన్ ప్యాటర్న్, లైమ్‌లో స్ప్లిట్ ఎక్స్‌ప్రెషన్, రెండూ ఖాళీల దగ్గర విడగొట్టేలా మార్చండి, ఇదిగో ఈ రెండు లైన్లు, ఇక్కడ పాజ్ చేసి రాసుకోండి.