పొద్దున పార్కుకు రానివారి గురించి

సభాధ్యక్షులకు, నడక మిత్రులకు నమస్కారం.

నడక వల్ల కలిగే లాభాల గురించి మాట్లాడమని మీ కార్యదర్శి గారు అడిగారు. చలికాలంలో కూడా మంకీ క్యాప్ పెట్టుకుని తెల్లవారకముందే ఇక్కడికి వచ్చే మీకు ఆ లాభాలు నేను చెప్పాలా? అందుకని ఇక్కడికి రానివారి గురించి మాట్లాడతాను. ముఖ్యంగా, మీరు ఇంటికి చేరేసరికి కాఫీ సిద్ధం చేసి ఉంచేవారి గురించి. ముందు వరుసలో ఒకరిద్దరు ఇప్పుడే నవ్వారు. వారికి విషయం అర్థమైనట్టే.

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నిమిషాల గట్టి శ్రమ గానీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ మాత్రం కూడా లేనివారు మన దేశంలో ఎందరో 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక అంచనా వచ్చింది. 2022 నాటికి పురుషుల్లో 42 శాతం, మహిళల్లో 57 శాతం. 2000లో ఇద్దరినీ కలిపి చూసినా 22 శాతమే.

"మా ఆవిడ పొద్దస్తమానం ఇంటిపనితోనే ఉంటుందండీ, ఆమెకు వేరే వ్యాయామం ఎందుకు?" అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ అంచనా వేసినవారు ఇంటిపనిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కలిపిన తరువాతే 57 తేలింది. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడితే నడుము నొప్పి వస్తుంది, గుండెకు పని తగలదు. ఇక 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానికి అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు. ఈ తేడాను పక్కన పెట్టి ఆమెకు సంకల్పబలం లేదనడం అన్యాయం.

పొలంలో రోజంతా వంగి నాట్లు వేసే మహిళకు "నడవండమ్మా" అని చెబితే అది పరాచికమే అవుతుంది. కానీ ఆమె కూతురు చదువుకుని పట్నం వస్తుంది. ఆ పిల్లకు ఎండ తగలకుండా, కాలు కందకుండా పెంచామని చెప్పుకోవడం ఆ తల్లిదండ్రులకు గర్వం. న్యాయమైన గర్వమే. ఒళ్లు వంచి పనిచేయడం తరతరాలుగా పేదరికానికీ, కులానికీ గుర్తుగా ఉన్నచోట, కూర్చుని బతకడమే గెలుపు. ఆ గెలుపు దక్కిన ఒక తరానికే డాక్టరు వచ్చి "చెమట పట్టాలి" అంటే, వెనక్కి వెళ్లమన్నట్టు వినిపించదా? రెండు వీధుల అవతల ఉన్న కూరగాయల బజారుకు నడిచి వెళితే "బండి పాడైందా?" అని అడిగే ఊళ్లు మనవి.

దీనికి తోడు నలుగురి చూపు. చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని వీధిలోకి వస్తే ఏమంటారో, నలభై దాటాక ఈ పరుగులేమిటంటారో అన్న సంకోచం. ఇది మన దగ్గరే ఉందనుకోకండి. ఇంగ్లండులో మహిళలను వ్యాయామం వైపు రప్పించడానికి 2015లో 'దిస్ గర్ల్ కెన్' అనే ప్రచారం మొదలుపెట్టినవారికి కూడా ఎదురైన ప్రధాన అడ్డంకి ఇదే. ఎవరేమనుకుంటారోనన్న భయమే మహిళలను వ్యాయామానికి దూరం చేస్తోందని వారు గుర్తించారు. అందుకే ప్రకటనల్లో నాజూకు మోడళ్లను పెట్టలేదు. చెమటతో, ఎర్రబడిన ముఖాలతో ఉన్న మామూలు మహిళలను చూపించారు.

అది తెలివైన ఎంపిక. "నేను చేయగలను" అన్న నమ్మకం గురించి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో రాస్తూ, అది పుట్టే దారుల్లో ఒకటిగా, మనలాంటివారు చేసి చూపడాన్ని చెప్పారు. మనలాంటివారు కావడం ముఖ్యం. సింధు రియోలో రజతం గెలిస్తే చప్పట్లు కొడతాం. కానీ మోకాళ్ల నొప్పులున్న ఎదురింటి అత్తయ్య రోజూ నడవడం చూస్తే, మనమూ చెప్పులు వేసుకుంటాం.

బతుకమ్మను గమనించారా? తొమ్మిది రోజులు, సాయంత్రం పూట, వీధి నడుమ, అన్ని వయసుల మహిళలూ గంటలకొద్దీ వలయంగా తిరుగుతారు. వంగుతారు, లేస్తారు, చప్పట్లు చరుస్తారు. ఆ వేళ వారిని ఎవరూ వింతగా చూడరు, ఇంట్లో వంట ఆలస్యమైందని ఎవరూ గొణగరు. తోడు, పాట, అందరి సమ్మతి, తన కోసం విడిచిపెట్టిన వేళ ఉన్నాయి కాబట్టే ఆ అడుగులు పడుతున్నాయి. పదో రోజు నుంచి ఆమెకు బద్ధకం వస్తుందా? ఆ నాలుగూ పోతాయి, అంతే.

ఇక ఉపన్యాసాల సంగతి. నా వృత్తి మీద నేనే రాయి వేసుకుంటున్నాను. బ్రిటన్‌లో 2002లో 248 మంది విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. గుండెజబ్బుల గురించి చదివించి ప్రోత్సహించిన గుంపులో వారం లోపు వ్యాయామం చేసినవారు 35 శాతం. ఏమీ చెప్పని గుంపులో 38. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించిన గుంపులో 91. అది ఒక్క వారం ముచ్చటే, వాళ్లు కుర్రవాళ్లు కూడా. అయినా ఎన్నింటికో, ఎక్కడో రాసుకోవాలంటే ఆ వేళ తన చేతిలో ఉండాలి కదా. ఉదయం ఆరింటికి టిఫిన్ డబ్బాలు కట్టే మనిషి ఏమని రాసుకుంటుంది?

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేసి దారిని నడిచేవారికి వదులుతారు. చాలా మంచి ఏర్పాటు. కాకపోతే ఇంటి పనంతా మీద పడేదీ ఆ వేళలోనే.

కాబట్టి మీ కార్యవర్గానికి మూడు కోరికలు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మహిళల బృందం ఒకటి మొదలుపెట్టండి, నడిపించే బాధ్యత వారికే ఇవ్వండి. చెరువు వైపు నడకదారిలో ఆ మూల దీపాలు వెలగడం లేదు, వాటి కోసం అర్జీ పెట్టండి. మహిళల మరుగుదొడ్డి తాళంచెవి కాపలాదారు ఇంట్లో కాకుండా ఇక్కడే ఉండేలా చూడండి. వంట సంగతి మాత్రం కార్యవర్గం తేల్చేది కాదు, ఎవరింట్లో వారు మాట్లాడుకోవాలి. ఇక ప్రశ్నలు అడగండి. ముందుగా వెనక వరుసలో ఉన్న అమ్మలను మాట్లాడనివ్వండి.