11 ఏళ్ల టెస్టింగ్ జాబ్ మానేసి కౌన్సెలర్‌నయ్యాను: ఫ్రిస్కోలో నా ఒక రోజు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పిల్లల బాక్సుల్లో పులిహోర, నా బాక్సులో రాత్రి మిగిలిన పప్పన్నం. క్లినిక్ పార్కింగ్‌కి కాస్త ముందే వచ్చేశాను, కార్లోనే కూర్చుని మాట్లాడుకుందాం.

సాఫ్ట్‌వేర్ వదిలి ఇటెందుకొచ్చారని చాలామంది అడుగుతున్నారు. మా అత్తమ్మ వల్లే. ఆరు నెలలుందామని వచ్చారు, మేం ఆఫీసులకి, పిల్లలు స్కూలుకి వెళ్తే ఇంట్లో ఆవిడ ఒక్కరే, ఇక్కడ కారు లేకపోతే బయటికి అడుగు పడదు కదా. రెండో నెల నుంచి తలనొప్పి అన్నారు, తర్వాత నడుంనొప్పి, ఆ తర్వాత నిద్ర లేదన్నారు. టెస్టుల మీద టెస్టులు చేయించాం, అన్నీ నార్మల్. ఒక రాత్రి గిన్నెలు తోముతూ "మాట్లాడే మనిషి లేక నోరు పాచిపోయినట్టుందమ్మా" అన్నారు. అప్పటిదాకా నొప్పి ఎక్కడని అడిగానే తప్ప, పక్కన కూర్చుని ఎలా ఉన్నారని అడగనే లేదు.

వెంటనే మారిపోలేదు లెండి. హెచ్1బీ మీద ఉండగా ఉద్యోగం మానేసి జీతంలేని ఇంటర్న్‌షిప్ చేయడం నాకు కుదిరే పని కాదు. గ్రీన్ కార్డ్ వచ్చాక 60 క్రెడిట్ల మాస్టర్స్‌లో చేరాను, అందులో ప్రాక్టికమ్ (అంటే మొదటి ప్రాక్టికల్ శిక్షణ) 100 గంటలు, ఇంటర్న్‌షిప్ 600 గంటలు, ఆపైన లైసెన్స్ పరీక్ష. ఇప్పుడు ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) అసోసియేట్‌ని, అంటే పూర్తి లైసెన్స్‌కి ముందు మెట్టు. టెక్సస్‌లో సూపర్‌వైజర్ కింద 3000 గంటలు చేయాలి, అందులో 1500 గంటలు నేరుగా క్లయింట్లతోనే, ఎంత కష్టపడ్డా 18 నెలలకన్నా ముందు పూర్తవదు. జీతం పాతదాంట్లో సగం కూడా లేదు, ఇంటి ఖర్చులన్నీ లెక్కేసుకున్నాకే దిగాం.

అమ్మకి చెబితే "ఏం బిడ్డా, ఎర్రగడ్డల పన్జేస్తవా?" అంది. హైదరాబాద్‌లో మానసిక రోగుల ఆసుపత్రి ఉన్నది ఎర్రగడ్డలోనే కదా, చిన్నప్పుడు ఆ పేరంటే మాకు తిట్టే, ఎన్నిసార్లు ఎంతమందిని అన్నామో. ఆ మాట పడాల్సొస్తుందనే కదా మనవాళ్లు లోపలే దాచుకుంటారు, తలుచుకుంటే చాలా బాధేస్తుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టమైంది సలహా ఇవ్వకుండా ఉండటం. ఎవరైనా ఏడిస్తే "పట్టించుకోకు, ధైర్యంగా ఉండు" అనేయడం మనకి అలవాటు, అది మానుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మనవాళ్లు డిప్రెషన్ అనరు, గుండెల్లో బరువుగా ఉంది, దేనిమీదా ధ్యాస లేదు అంటారు, తెలుగులో అనగానే ఆ బరువెంతో నాకు అర్థమవుతుంది. క్లయింట్ల సంగతులు మాత్రం పేర్లు తీసేసి కూడా చెప్పను, దయచేసి అడగకండి.

మీకు గానీ మీవాళ్లకి గానీ ప్రాణం తీసుకోవాలనిపించేంత కష్టంగా ఉంటే అమెరికాలో 988కి కాల్ చేయండి, ఇండియాలో టెలీ మానస్ నంబర్ 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండూ రాత్రీ పగలూ ఉంటాయి.

సాయంత్రం ఆరున్నరైంది. ఆ 3000 గంటల లాగ్‌లో ఇవాళ నాలుగు గంటలు రాసుకున్నాను. ఇండియాలో తెల్లారి ఆరు, అత్తమ్మ స్టవ్ మీద పాలు పెట్టుకుని నా ఫోన్ కోసం చూస్తుంటారు. ఉంటానండీ.