ఆశీర్వాదం అయిపోయాక ఒక గంట

అందరికీ ప్రభువు పేరిట వందనాలండి.

ఈరోజు నేను వాక్యం చెప్పడానికి కూర్చోలేదు. ఒక ఆదివారం సంగతి చెప్పాలి. మూడేళ్ళు దాటినా నా మనసులోంచి పోవట్లేదు.

మా వీధిలో ఒకావిడ అద్దెకుండేది. భర్తకి కిడ్నీలు పోయి డయాలసిస్ జరుగుతోంది. ఒకరోజు నీళ్ళు పట్టుకుంటూ నన్ను అడిగింది. "అక్కా, మీ చర్చిలో ప్రార్థన చేస్తారంట గదా, నేనూ రావచ్చా?" తప్పకుండా రామ్మా అన్నాను. ఆదివారం నేను సండే స్కూల్ పిల్లల కోసం ముందే వెళ్ళిపోయాను. ఆవిడ తర్వాత ఒక్కతే వచ్చింది. ఆకుపచ్చ చీర, జడలో కనకాంబరాలు, నుదుట బొట్టు. మా దగ్గర ఆడవాళ్ళందరం తెల్లచీరలు, తలమీద కొంగు. గుమ్మంలో ఆవిడ కనబడగానే అటువైపున్న తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

ఒక పెద్దావిడ పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకుంది. కాసేపటికి చెవిలో నెమ్మదిగా, "అమ్మా, ఆ బొట్టు తీసేసి కూర్చుంటే మంచిది" అంది. ఆవిడ కొంగుతో తుడిచేసుకుంది. చివరిదాకా కూర్చుంది, కానుక కూడా వేసింది. మళ్ళీ రాలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళితే నాతో అన్న మాట ఇది. "ఆయన మంచంమీద ఉన్నాడక్కా. బతికున్న మనిషి భార్యని, బొట్టు తుడుచుకున్నాను. ఇంటికొచ్చి ఆయన్ని చూసేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి."

తెలుగు ఆడదానికి ఆ మాట అర్థం ఏంటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. భర్త ప్రాణం కోసం దేవుణ్ణి అడుక్కోడానికి వచ్చిన మనిషి చేత మనం బొట్టు తుడిపించి పంపాం. చెప్పిన పెద్దావిడ కఠినురాలు కాదండి, మా సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు గంజి పట్టుకెళ్ళేది ఆవిడే. మనలో మనం అలవాటుగా చెప్పుకునే మాట కొత్తమనిషికి ఎక్కడ తగులుతుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రమ్మని పిలిచిన నేను ఆ పూట గేటు దగ్గర నిలబడి ఉండాల్సింది.

సంఘం కళకళలాడాలంటే ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. యూత్‌ని అడిగితే కొత్త కీబోర్డు, ప్యాడ్స్, గోడకి ఎల్ఈడీ తెర అంటారు. పెద్దల్ని అడిగితే బయటినుంచి మంచి ప్రసంగీకుణ్ణి పిలిపిద్దాం అంటారు. వీటిలో ఏదీ వద్దని నేననను. పాట బాగుంటే మనసు లేస్తుంది, అది నిజమే. అయితే నేను గమనించింది వేరు. కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారా రారా అన్నది తేలేది మధ్యలో జరిగే రెండు గంటల ఆరాధనలో కాదు. గేటు దగ్గర మొదటి పది నిమిషాల్లోనూ, ఆరాధన చివర పాస్టర్ గారు ఆశీర్వాదం పలికాక వచ్చే గంటలోనూ తేలిపోతుంది.

ముందు గేటు సంగతి.

వాకిట్లో చెప్పులు విడిచే చోట ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఉండాలి. బ్యాడ్జీలు, పూలదండలు ఏమీ వద్దు. "రండమ్మా, ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగండి" అంటే చాలు. ఆ తర్వాత చెయ్యాల్సింది, పక్కనే కూర్చోవడం. మన దగ్గర ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటాం కదా, కొత్తవాళ్ళకి అది తెలీదు. భార్యాభర్తలు కలిసి వచ్చి ఎటు వెళ్ళాలో తెలియక గుమ్మంలో ఆగిపోతారు. తల్లిలేని ఆడపిల్లని వెంటబెట్టుకుని వచ్చిన తండ్రి ఉంటాడు. ఆ పిల్ల నాన్న చెయ్యి వదలదు. అలాంటివాళ్ళ కోసం వెనక నాలుగు కుర్చీలు కలిపి వేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. పాటల పుస్తకంలో ఎన్నో పాటో వెతికి ఇవ్వండి. చదువురానివాళ్ళయితే పుస్తకం చేతికివ్వకండి, పల్లవి చెవిలో చెప్పండి, రెండోసారికి వాళ్ళే అందుకుంటారు. హైదరాబాదులో పెరిగిన మన పిల్లలకి తెలుగు మాట్లాడటం వస్తుంది కానీ అక్షరాలు రావు. తెర ఉన్న చర్చిలో తెలుగు లైను కింద అదే పాట ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే వాళ్ళూ నోరు విప్పుతారు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో పోయారు, ఆయన కీర్తనలు మనం ఇవాళ్టికీ పాడుతున్నాం. అక్షరం రాదన్న ఒక్క కారణంతో మన మనవల దగ్గర అవి ఆగిపోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇంకొకటుంది, ఇది పాస్టర్ గార్లకి చేతులెత్తి నమస్కరించి చెబుతున్నా. కొత్తవాళ్ళని లేపి, మైకిచ్చి, పేరు, ఊరు, ఏ సమస్యతో వచ్చారో చెప్పమనకండయ్యా. మనకది ప్రేమగానే ఉంటుంది. మొగుడి తాగుడు భరించలేక వచ్చిన అమ్మాయి రెండొందల మంది ముందు ఏం చెబుతుంది? కానుకల సంగతీ అంతే. కృతజ్ఞత కానుకలు ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా చదివే అలవాటు చాలాచోట్ల ఉంది. ఐదువేలు అని చదివిన తర్వాత ఇరవై రూపాయలు అని తన పేరు వినాల్సి వచ్చే కూలిమనిషి ముఖం ఒకసారి చూడండి. రెండు కాసులు వేసిన పేద విధవరాలినే ప్రభువు మెచ్చుకున్నాడని మనమే పిల్లలకి నేర్పిస్తాం. ప్రార్థన చేయండి, మొత్తం ఎంతో లెక్క చెప్పండి, విడివిడి అంకెలు వదిలేయండి.

బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు చూపిస్తారని యాకోబు పత్రిక రెండో అధ్యాయం నిలదీస్తుంది. మండలం నాయకుడు వస్తే ముందు వరసలో సోఫా తుడుస్తాం కదా, ఆ మాట మనకే.

ఇక్కడ మన ఒంగోలు కథ ఒకటి చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. ఆయన బడిలో మొదట పెద్దకులాల పిల్లలు చేరారు, వాళ్ళ ద్వారా ఊరంతా మారుతుందని ఆశ. అదే సమయంలో మాదిగ కులంలో పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన వెనకాల ఆయన మనుషులు, మేమూ సంఘంలోకి వస్తామన్నారు. వాళ్ళని చేర్చుకుంటే మేం ఉండమని పెద్దకులాలవాళ్ళు తేల్చి చెప్పారు. దొరకీ, దొరసానికీ రాత్రి నిద్రపట్టలేదు. ఇద్దరూ వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట కన్ను పడింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, గొప్పవాళ్ళని కాక లోకం తృణీకరించినవాళ్ళని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. పేరయ్య గారి మనుషులు లోపలికి వచ్చారు, బడిలో పిల్లలు వెళ్ళిపోయారు.

తర్వాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొర కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులన్నీ అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మనందరికీ కంఠతా వచ్చు, సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఖాళీ అయిన బడి బెంచీల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ బెంచీలే ఎక్కువ గుర్తుంటాయి. ఫలానావాళ్ళు వస్తే ఫలానావాళ్ళు మానేస్తారన్న భయం ఇప్పటికీ మన సంఘపెద్దల మీటింగుల్లో తిరుగుతూనే ఉంది. గుంటూరు, ప్రకాశం వైపు చాలా ఊళ్ళల్లో మాలపల్లెకొక చర్చి, మాదిగగూడేనికొక చర్చి. పేర్లలో మిషన్లు వేరు, లోపల కారణం ఏంటో అందరికీ తెలుసు. ఒకరి సెమీ క్రిస్మస్‌కి ఇంకొకరు వెళ్ళి పాట పాడి వచ్చేస్తారు. భోజనానికి ఆగరు.

ఇప్పుడు ఆశీర్వాదం తర్వాత గంట.

హైదరాబాదులో హెబ్రోను అనే ప్రార్థనా మందిరం గురించి వినే ఉంటారు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన సువార్తికుడు భక్తసింగ్ గారు 1950లో అక్కడ పని మొదలుపెట్టి, 2000 సంవత్సరంలో ఆ హైదరాబాదులోనే కన్నుమూశారు. హెబ్రోనులో ఆరాధన అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు పోవడం ఉండదు. కిందే చాపలమీద వరసగా కూర్చుంటారు, అన్నం వడ్డిస్తారు. దాన్ని ప్రేమవిందు అంటారు. ఆఫీసరు పక్కన రిక్షా తొక్కేవాడు, ఇద్దరి విస్తట్లో ఒకే కూర. ఎవరితో కలిసి అన్నం తింటాం అన్నదానిమీదే నడిచిన సమాజం మనది. అలాంటి చోట కులం పోవాలని గంట ప్రసంగం చేసేకన్నా, పక్కపక్కన కూర్చుని ఒక ముద్ద తినడం ఎక్కువ పని చేస్తుంది.

అమ్మో ఖర్చు అంటారు. మా ఊరి లెక్క చెబుతా. మాది అరవై గడపల సంఘం. ప్రతి ఇంట్లో అన్నం ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు బియ్యం విడిగా డబ్బాలో వేస్తాం. ఇది మేం కనిపెట్టింది కాదు, మా అమ్మమ్మల కాలంనుంచీ ఉన్నదే, మధ్యలో మానేశాం. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెస్తే బియ్యం సమకూరిపోతుంది. వారానికి నాలుగిళ్ళవాళ్ళు వంతు తీసుకుంటాం. పప్పు, ఒక పచ్చడి, మజ్జిగ. కోడికూర పెట్టొద్దని మొదటే అనుకున్నాం, పోటీ మొదలైతే పేదింటి వంతు భారమైపోతుంది.

రెండు నెలలు గడిచేసరికి మార్పు కనబడింది. ఎవరికి ఆపరేషనో, ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయిందో విస్తరి ముందు తెలుస్తోంది. ముసలాళ్ళు ఇంటికెళ్ళే తొందర మానేశారు. పదో తరగతి పిల్లాడు వడ్డన చేస్తాడు, వాడి వెనక వాడి స్నేహితులు. యూత్ అంటే కుర్చీలు మొయ్యడానికీ, స్టేజీ కట్టడానికీ అనుకుంటాం కదండీ. మా దగ్గర ఇప్పుడు సంఘపెద్దల మీటింగులో ఇద్దరు పాతికేళ్ళలోపు వాళ్ళున్నారు, ఒకరు అమ్మాయి. వీల్‌చైర్ ఎక్కడానికి ర్యాంపు కట్టాలన్నది ఆ అమ్మాయే. సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలి కలిపినా కొత్త స్పీకరు ధర కాలేదు.

కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఇళ్ళల్లో పని చేస్తుంటారు. అక్కడ ఆరాధన శుక్రవారం, ఎందుకంటే సెలవు అప్పుడే, అదీ అందరికీ దొరకదు. అక్కడినుంచి వచ్చిన మా చెల్లెలు వరసామె నాతో అంది. "వారమంతా నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఉండరక్కా. చర్చిలో మాత్రం గుమ్మంలోనే, ఏమ్మా, భోంచేశావా అంటారు. ఆ మాట కోసమే రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని."

ఆకుపచ్చ చీర ఆవిడ సంగతి. భర్త ఆ ఏడాదే పోయాడు. నేనూ, బొట్టు తియ్యమన్న పెద్దావిడా కలిసే వెళ్ళాం. పెద్దావిడ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను క్షమించమ్మా" అంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఆవిడ మా సంఘంలో చేరలేదు, చేరమని మేం అడగలేదు. పోయిన నెల మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని తీసుకుని భోజనం వేళకి వచ్చింది. పెద్దావిడే లేచి చాప పరిచింది.

ఈ ఆదివారం వంతు మాది. కందిపప్పు, గోంగూర పచ్చడి. ఆవిడకి గోంగూర ఇష్టమట, వాళ్ళమ్మాయి చెప్పింది. వందనాలండి.